చూద్దాంగారు తేల్చని మొక్క

మొక్కల పేర్లు తేల్చడానికి జీతం తీసుకుంటూ, ఏ మొక్క పేరూ తేల్చకుండా రిటైర్మెంటు దాకా నెట్టుకొచ్చిన మనిషి లోకం మొత్తం మీద ఒక్కరే ఉండి ఉంటారు. ఆయన బల్లకి ఎదురు బల్ల నాది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకి శుభ్రంగా ఒకటి ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ అది గుర్తులేదు. వాచ్‌మన్ నుంచి పై అధికారుల దాకా అందరికీ ఆయన చూద్దాంగారే. ఏది అడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే మరి.

ఇప్పుడాయన లేరు. ఆయన బల్ల మీద స్కానర్ పెట్టారు. పాపం అది మంచిదే, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. కానీ పొద్దున్నే తాళం తీసి లోపలికి వెళ్ళగానే ఆ యంత్రం ఎదురైతే నాకు పని మీదకి చెయ్యి పోవడం లేదు. అందుకే ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూచున్నాను. నాకు నోరు కాస్త ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మీద జోకులు వేసిందాన్ని నేనే కాబట్టి, ఆయన సంగతి చెప్పాల్సిందీ నేనే.

మాది హెర్బేరియం. అడవుల్లోంచీ గట్ల మీంచీ కోసుకొచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య అణిచి ఆరబెట్టి, దళసరి కాగితాల మీద అతికించి దాచే చోటన్నమాట. ఆ కాగితాన్ని షీటు అంటాం. ఎవరు కోశారు, ఎక్కడ, ఎప్పుడు, పువ్వు రంగేమిటి అన్నది షీటు మూల లేబుల్ మీద రాసి ఉంటుంది. ఎండాక అన్ని పువ్వులూ ఒకే మట్టిరంగుకి వచ్చేస్తాయి కనక, రంగు లేబుల్లోనే బతుకుతుంది. కొమ్మల్ని అతికించి దారంతో కుట్టడం నా పని. అది ఫలానా మొక్క అని పేరు తేల్చడం చూద్దాంగారి పని. నా పని ఏ రోజుకారోజు పూర్తయ్యేది.

ఏ హెర్బేరియంలోనైనా ‘తేలనివి’ అని ఒక పల్చటి ఫైలు ఉంటుంది. మాకు ఏకంగా ఒక బీరువా ఉండేది. తలుపు తీస్తే కలరా ఉండల ఘాటుతో పాటు షీట్ల కట్టలు మీద పడేవి. నేను కుట్టి ఇచ్చిన షీటుని ఆయన భూతద్దంతో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసి, ఆ బీరువాలోకి తోసేవారు.

"పేరేంటి సార్?"

"చూద్దాం తల్లీ."

మొక్కలతో ఆగితే బాగానే ఉండేది. క్యాంటీన్ ఆయన రోజూ అడిగేవాడు, "టీనా, కాఫీనా సార్?" అని. "చూద్దాం" అనేవారు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఇక వల్లకాక ఒకరోజు రెండూ ఒకే గ్లాసులో పోసి తెచ్చాడు. చూద్దాంగారు గుటక వేసి, కాసేపు ఆలోచించి, "ఇది ఏమిటంటావు?" అన్నారు.

"చూద్దాం సార్" అనేసి క్యాంటీన్ ఆయన వెళ్ళిపోయాడు.

ఒకసారి గొడుగు విదిలించుకుంటూ, చొక్కా చేతులు పిండుకుంటూ లోపలికొచ్చారు. నేను కిటికీకి దూరంగా కూచున్నాను.

"బయట వానా సార్?"

"నీళ్ళయితే పడుతున్నాయి తల్లీ. వానేనా అంటే చూద్దాం. మేడ మీద ట్యాంకు పొర్లుతుండొచ్చు."

కూతురికి పాప పుడితే పేరు పెట్టే భారం తాతగారి మీద పెట్టారు. మొక్కలకి పేర్లు పెట్టే మనిషి కదా అని పాపం వాళ్ళ ఆశ. ఆ పిల్ల పాకింది, నడిచింది, మాటలు నేర్చి తాతగారినే "నా పేరేంటి?" అని అడిగింది. ఈయన చూస్తూనే ఉన్నారు. బళ్ళో చేర్చేరోజున హెడ్‌మాస్టరు విసుగెత్తి, "పోనీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి అదే రాసేసుకున్నారు. అలా ఆ పిల్ల రిజిస్టర్లో బుజ్జిగానే ఉండిపోయింది.

అయితే ఒక చిత్రం చెప్పాలి. ఒకనాడు స్విచ్‌బోర్డు నుంచి పొగ లేచింది. కాగితాలూ ఎండుటాకులూ తప్ప మరేమీ లేని గది అది. "సార్, పొగ" అని నేను అరిచాను. "పొగేనంటావా? చూద్దాం" అంటూనే ఆయన మెయిన్ ఆపేసి, ఇసక బకెట్టు ఎత్తి బోర్డు మీద కుమ్మరించేశారు. ఆయన చేతులకి ఆయన నోటితో పొత్తు లేదని నాకప్పుడే అనిపించింది. అలాగే దూరాన్నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళు ఏ ఆకో చూపించి పేరు అడిగితే, అందరి ముందూ చూద్దాం అనేవారు. సాయంత్రం వాళ్ళు మెట్లు దిగేటప్పుడు వెనకే వెళ్ళి ఏదో చెవిలో చెప్పి వచ్చేవారు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. అది కూడా ఆయన తిక్కలో భాగమే అనుకున్నాను.

వాళ్ళావిడ ఎప్పుడైనా ఆఫీసుకి వస్తే ఇద్దరం కలిసి ఆయన మీద పడేవాళ్ళం. "మా పెళ్ళినాటికి ఈ తెగులు లేదమ్మా" అనేది ఆవిడ. "అమ్మాయి నచ్చిందా అని మా నాన్న అడగబోతుంటేనే నచ్చిందనేశారు. ఆ తొందర మనిషి ఈ మనిషేనా అనిపిస్తుంది. మధ్యలో ఏ ఏడో పట్టుకుంది ఈ రోగం."

"ఏ ఏడు సార్?" అని అడిగాను.

"చూద్దాం" అన్నారు ఆయన.

ఏటా వానలు వెనకబట్టాక ఒకావిడ మా ఆఫీసుకి వచ్చేది. కుట్టుమిషను మీద బతికే మనిషి. అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. మెళ్ళో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసేది. సంచిలోంచి నా కోసం మిగిలిపోయిన దారం ఉండలు తీసి బల్ల మీద పెట్టేది. మా షీట్ల మీద కొమ్మల్ని పట్టి ఉంచింది చాలామటుకు ఆవిడ దారాలే. తర్వాత చూద్దాంగారి ఎదురుగా కుర్చీ అంచున కూచుని, "తేలిందా బాబూ?" అని మెల్లిగా అడిగేది.

చూద్దాంగారు లేచి, తేలనివి బీరువాలో అన్నిటికంటే పైన విడిగా ఉన్న షీటుని రెండు చేతుల మీదా పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టి, భూతద్దంతో చూసి, కళ్ళజోడు తుడుచుకునేవారు. "ఇంకా లేదమ్మా. చూద్దాం."

ఆ షీటు మీద ఉన్నది గుప్పెడంత మొక్క. దళసరి ఆకులు, నూగు, విచ్చని మొగ్గలు. సముద్రం ఒడ్డున రాతి పగుల్లోంచి కోసినది. కోసింది ఆవిడ కొడుకు. నేను చేరకముందు, చదువు అవగొట్టి కొత్తగా మా ఆఫీసులో చేరిన కుర్రాడు. ఒక్కచోట కాలు నిలవనివాడట, గుట్ట ఎక్కితే రాయి నుంచి రాయికి గెంతేవాడట. మొదటిసారి మొక్కల కోసం ఊళ్ళు తిరగడానికి వెళ్ళి, జ్వరంతో తిరిగొచ్చాడు. ఆస్పత్రి మంచం మీద ఉండి కూడా వాళ్ళమ్మతో, "అమ్మా, ఎవరూ చూడని మొక్క దొరికింది. దానికి నీ పేరే పెడతా" అన్నాడు. లేబుల్ మీద రాసేశాడు కూడా. కొత్త మొక్క అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, దాని కింద అమ్మ పేరు. ఆ జ్వరం తగ్గలేదు. ఆవిడకి ఇంకెవరూ లేరు.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. లేబుల్ మీద ఉంది, చాలు.

ఆవిడ మొక్కని పెద్దగా చూసేది కాదు. కొడుకు చేతిరాత చూసేది. చూపుడువేలు కాగితానికి తగలకుండా కాస్త పైన ఉంచి, ఒక్కో అక్షరం మీదుగా పోనిచ్చేది. ఆ కాసేపూ చూద్దాంగారు కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూస్తూ ఉండేవారు. ఆవిడ వెళ్ళిపోయాక నాకు ఆయన మీద ఒళ్ళు మండేది. ఒక తల్లిని అన్నేళ్ళపాటు తిప్పించుకోవడం ఏం మర్యాద? ఒకసారి అడిగేశాను కూడా.

"సార్, మీ చూద్దాం మా అందరి దగ్గరా చెల్లుతుంది. పాపం ఆవిడదైనా తేల్చకూడదా?"

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. చూద్దాం అని కూడా అనలేదు.

తర్వాత మాకు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డ మనిషి కాదు. షీట్లన్నీ ఫొటో తీసి, లేబుళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టింది. ఎక్కించాక ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా చూసుకోవచ్చు. చూద్దాంగారికి రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజులవి. ఆవిడ వచ్చి తేలనివి బీరువా తలుపు తీసింది. కట్టలు ఎప్పట్లాగే మీద పడ్డాయి.

"సార్, పేరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ రికార్డు తీసుకోదు. మీరు వెళ్ళేలోగా ఇవన్నీ తేల్చెయ్యాలి."

"చూద్దాం మేడమ్."

"చూద్దాం కాదు సార్. మీకు కుదరదంటే ఈ బీరువా మొత్తం వేరే హెర్బేరియానికి పంపుతాను. అక్కడివాళ్ళు తేలుస్తారు. ఏదో ఒక పేరు అతికించి పంపుతారు."

చూద్దాంగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన అలా అయిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. "వద్దు మేడమ్" అన్నారు. "నేనే తేలుస్తాను."

మర్నాడు భోజనాలయ్యాక మొదలుపెట్టారు. నేను ఒక్కో షీటూ తీసి ఆయన ముందు పెట్టాలి, డైరెక్టరమ్మ పక్కన కూచుని పేరు కొట్టాలి. ఆయన భూతద్దం కూడా తియ్యలేదు. షీటు బల్లకి తగిలీ తగలకముందే పేరు వచ్చేస్తోంది. ఇంకొకటి. ఇంకొకటి. మాస్టారు హాజరు పిలిచినట్టు గడగడా చెప్పుకుంటూ పోతున్నారు. డైరెక్టరమ్మ వేళ్ళు అందుకోలేక, "సార్, కాస్త ఆగండి" అని బతిమాలుకుంటోంది. ఆ నోటితో చూద్దాం తప్ప మరో మాట వినని నేను షీటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. క్యాంటీన్ ఆయన టీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"టీనా, కాఫీనా సార్?" అన్నాడు, నమ్మకం లేకుండానే.

"కాఫీ. పంచదార తక్కువ" అన్నారు చూద్దాంగారు, తల ఎత్తకుండా. క్యాంటీన్ ఆయన ట్రే అక్కడే వదిలేసి అందరికీ చెప్పడానికి పరిగెత్తాడు.

ఆ మాట గేటు దాకా పాకింది. మా వాచ్‌మన్ తాత, ఆ ఆఫీసు పుట్టినప్పటినుంచీ ఉన్నవాడు, లోపలికొచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "తూటాగారు మళ్ళీ వచ్చారన్నమాట" అన్నాడు.

"తూటాగారెవరు?" అన్నాను.

"ఈయనేనమ్మా. వయసులో ఉన్నప్పుడు మేం పెట్టుకున్న పేరు అదే. కొమ్మ గేటు దాటి లోపలికి రాకముందే పేరు చెప్పేసేవారు. తర్వాత ఏమైందో, ఉన్నట్టుండి బుర్ర మందగించింది."

బీరువా ఖాళీ అయింది. పైన విడిగా ఉన్న ఆ ఒక్క షీటూ మిగిలింది. నేను తెచ్చి పెట్టాను. తూటాగారు ఆగిపోయారు. డైరెక్టరమ్మ చేతులు కీబోర్డు మీద ఉన్నాయి.

"ఇది?"

"చూద్దాం మేడమ్."

డైరెక్టరమ్మ షీటు తనవైపు తిప్పుకుని, ఆయన భూతద్దమే తీసి వంగి చూసింది. మొగ్గ దగ్గర చాలాసేపు ఆగింది. "సార్, ఇది తుత్తురుబెండ కదా?" అంది అనుమానంగా. "రాతి పగుల్లో ఉప్పుగాలికి గిడసబారి ఇలా అయింది గానీ. మా ఇంటి వెనక ఖాళీస్థలం నిండా అదే."

తుత్తురుబెండ తెలియనివాళ్ళు ఎవరుంటారు? రోడ్డు పక్కన, చెత్తకుప్పల దగ్గర నిలువెత్తు పెరుగుతుంది. పసుప్పచ్చ పువ్వు. చక్రం లాంటి కాయ. ఆ కాయని సిరాలో ముంచి గోడల మీద ముద్రలేసి తన్నులు తినని పిల్లలుండరు. వేడిదేశాలన్నిటిలోనూ ఉన్న మొక్క అది. కొత్తదేమీ కాదు.

"అదే మేడమ్" అన్నారు చూద్దాంగారు. "మొదటిరోజే తెలుసు."

ఇంక దాచడానికి ఏముంది, అంతా చెప్పారు. ఆ కుర్రాడు పోయిన వారానికి వాళ్ళమ్మ వచ్చి, మావాడి మొక్క తేలిందా అని అడిగింది. ఆ మొహం చూసి ఈయనకి నోరు రాలేదు. ఇంకా చూడాలమ్మా అన్నారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. అప్పటికి మన వాచ్‌మన్ తాత గేటు దగ్గర గొప్పలు పోయి ఉన్నాడు, మా సారు తూటా, చూడగానే చెప్పేస్తారు అని. ఆవిడ లోపలికొచ్చి, "అన్నీ ఇట్టే చెప్పేస్తారట కదా బాబూ, మావాడిదొక్కటే ఎందుకు తేలట్లేదు? ఏమన్నా తప్పు చేశాడా వాడు?" అని అడిగింది.

"ఒక్కదాని దగ్గరే ఆగితే అనుమానం రాదా తల్లీ?" అన్నారు ఆయన నాతో. "అందుకని అన్నిటి దగ్గరా ఆగడం మొదలెట్టా. ముందు మొక్కల వరకే అనుకున్నా. తర్వాత ఇంట్లోకి వచ్చేసింది, క్యాంటీన్లోకి వచ్చేసింది. అలవాటు కదా."

"బుజ్జి పేరు కూడానా సార్?" అన్నాను.

"ఆ పిల్లకి పేరు నేను మొదటిరోజే అనుకున్నా. అప్పటికి నోరు పనిచెయ్యడం మానేసింది."

వాచ్‌మన్ తాత తలుపు వదిలేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. డైరెక్టరమ్మ షీటు వంకే చూస్తోంది. "మొగ్గ మీద కోశాడు" అంది మెల్లిగా. "తుత్తురుబెండ పువ్వు పొద్దు వాలాకే విచ్చుతుంది. సాయంత్రం దాకా ఆగి ఉంటే అక్కడే తెలిసిపోయేది."

"వాడు ఆగలేదు మేడమ్" అన్నారు చూద్దాంగారు. "వాడి బదులు నేను ఆగాను."

నాకు ఏడుపు వచ్చింది. మా ఆఫీసులో ఒక సుఖం ఉంది, కళ్ళు తుడుచుకుంటే కలరా ఉండల ఘాటు అని సరిపెట్టుకోవచ్చు. ఆరోజు నలుగురికీ ఒకేసారి ఘాటెక్కింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. పెద్దమ్మ రాక తప్పదు. కంప్యూటర్లో పేరు ఎక్కాక ఎవరో ఒకరు ఆవిడకి చూపిస్తారు. ఇంకెవరో చెప్పే బదులు తానే చెబుతానన్నారు చూద్దాంగారు. ఆవిడ వచ్చేసరికి డైరెక్టరమ్మ కంప్యూటర్ దగ్గర ఉంది, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో కూచోలేక నిలబడి ఉన్నారు. పెద్దమ్మ నాకు దారం ఉండలు ఇచ్చింది. కుర్చీ అంచున కూచుంది.

"తేలిందా బాబూ?"

"తేలిందమ్మా."

ఏమని తేలిందని అడుగుతుందనుకున్నాం. ఆవిడ మొహం వాడిపోయింది. "ఎందుకు బాబూ?" అంది.

"ఎందుకేమిటమ్మా?"

"అంటే, ఇప్పుడంత తొందరేమొచ్చిందని."

"అమ్మా, మీవాడిది కొత్త మొక్క కాదు. అది..." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. "అది..."

"తుత్తురుబెండ" అంది ఆవిడ.

ఆవిడ మెళ్ళో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నేను మిషను వేసుకునే చోట గోడ పగుల్లో మొలిచింది బాబూ, చాలా ఏళ్ళ కింద. వానల్లేని ఏడు అది. గుప్పెడంతే ఎదిగింది. అచ్చం ఈ కాగితం మీద ఉన్నట్టే ఉంది. అబ్బ, మావాడి మొక్క నా దగ్గరికే వచ్చిందనుకున్నా. మీకు తెచ్చిచ్చి చూపిద్దామనుకున్నా. ఇంతలో వానలు పడ్డాయి. ఏపుగా లేచి కాయలు కాసింది. పక్కింటి పిల్లలు నేను కుడుతున్న తెల్లగుడ్డ మీద ముద్రలేశారు. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేమమ్మా ఇన్నాళ్ళూ?"

"ఎలా చెప్పను? మీరేమో ఏటా భూతద్దం పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని చూస్తున్నారు. తెలీక అవస్థ పడుతున్నారనుకున్నా. వాచ్‌మన్ అన్నాడు కూడా, పాపం సారు బుర్ర మందగించిందని. మిషను తొక్కుకునేదాన్ని వచ్చి నేను చెప్పానని తెలిస్తే మీ ఉద్యోగానికి ఎసరొస్తుందేమో అని భయపడ్డా."

చూద్దాంగారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అని నేను లేచాను. నవ్వుతున్నారు. ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరి కోసం ఒకరు అన్నేళ్ళు తెలివితక్కువవాళ్ళుగా నటించి, చివరికి ఇద్దరూ ఒకేసారి దొరికిపోయారు.

నవ్వు ఆగాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అది సరే బాబూ. తేలిపోయిందంటే నాకింక ఇక్కడ పనేముంటుంది? ఇంట్లో వాడి ఊసెత్తితే గోడలు వినాల్సిందే. ఏటా ఒక్కపూట వాడి గురించి నేను అడిగితే వినేవాళ్ళు ఇక్కడే ఉన్నారు. అందుకే తొందరేమిటన్నా."

ముందు తేరుకున్నది డైరెక్టరమ్మ. కంప్యూటర్ ఆవిడ వైపు తిప్పింది. "చూడండమ్మా. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొక్క కోసినవాళ్ళు రాసింది తప్పయినా సరే, ఎవరూ కొట్టెయ్యకూడదు. ఆ లేబుల్ అలాగే ఉంటుంది. తేలిన పేరు వేరే చీటీ మీద రాసి పక్కన అతికిస్తాం. ఇక్కడ కూడా రెండు గళ్ళున్నాయి. ఇది తేలిన పేరు. ఇది, కోసినవాళ్ళు మొదట పెట్టిన పేరు." ఆ రెండో గడిలో ఒక్కో అక్షరం చదువుతూ కొట్టింది. అది పెద్దమ్మ పేరు. ప్రశ్నార్థకం కూడా వదల్లేదు.

పెద్దమ్మ ఆ గడి వైపు చాలాసేపు చూసింది. చూపుడువేలు తెరకి తగలకుండా అక్షరాల మీదుగా పోనిచ్చింది.

చూద్దాంగారు మాత్రం వేరే ఆలోచనలో ఉన్నారు. "అమ్మా, ఆ గోడ పగుల్లో మొక్క ఇంకా ఉందా?"

"పీకినా పోదు బాబూ అది."

"ఒక కొమ్మ తెస్తారా నాకు? సాయంత్రం కొయ్యండి. పువ్వు విచ్చాక."

ఆయన రిటైరయ్యే రోజున పూలదండలూ ఉపన్యాసాలూ అవుతుంటే ఆవిడ తడిగుడ్డలో చుట్టిన కొమ్మతో వచ్చింది. చూద్దాంగారు మైకు దగ్గర్నుంచి దిగి వచ్చి, దండ మెళ్ళో ఉండగానే కొమ్మని పేపర్ల మధ్య పరిచి అణిచారు. లేబుల్ ఆయనే రాశారు. కోసినవారు అన్నచోట పెద్దమ్మ పేరు. చోటు, కుట్టుమిషను పక్క గోడ. పువ్వు, పసుపు, విచ్చింది. మొక్క పేరు అన్నచోట కలం ఆపారు.

"పేరు సార్?" అంది డైరెక్టరమ్మ.

ఆయన భూతద్దం తీశారు. కొమ్మని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. సభలో ఉన్నవాళ్ళందరికీ ఏం వస్తుందో తెలుసు. "చూద్దాం మేడమ్" అన్నారు.

డైరెక్టరమ్మ ఆయన వంక చూసింది, పెద్దమ్మ వంక చూసింది. "గడి ఖాళీగా ఉంటే తీసుకోదు సార్" అంది. మళ్ళీ తనే, "పరిశీలనలో ఉంది అని కొడతాను" అంది.

ఆయన ఆ తర్వాత ఎక్కువకాలం లేరు. కబురు విని ఇంటికి వెళితే వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుంది. "పొద్దున డాక్టరు నొప్పి తగ్గిందా అని అడిగితే ఏమన్నారో తెలుసా అమ్మా?" అంది. నాకు తెలుసన్నాను. ఇద్దరం ఆ ఏడుపులో కాస్త నవ్వుకున్నాం. బుజ్జి తలుపు వెనక నిలబడి చూస్తోంది. తాతగారు తన కోసం మొదటిరోజే అనుకున్న పేరేమిటో ఆ పిల్లకి ఇక ఎవరూ చెప్పలేరు. అదొక్కటీ తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు.

ఈ ఏడు వానలు వెనకబట్టాయి. పెద్దమ్మ వచ్చింది. ముందు స్కానర్ ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక నిమిషం దాని మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత నా ఎదురుగా కుర్చీ అంచున కూచుంది. నేను రెండు షీట్లూ తెచ్చి పక్కపక్కన పెట్టాను, కొడుకుదీ తల్లిదీ. తల్లి షీటు నేనే కుట్టాను, ఆవిడ దారంతోనే. కొడుకు రాసినదాని మీద వేలు పోనిచ్చి, ఆవిడ తన కొమ్మ వైపు తిరిగింది.

"ఇది తేలిందా అమ్మాయ్?"

నేను సొరుగులోంచి ఆయన భూతద్దం తీశాను. పైనుంచి కిందికి చూశాను. కిందినుంచి పైకి చూశాను. కళ్ళజోడు లేదు గానీ, ఉన్నట్టే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఇంకా లేదు పెద్దమ్మా. చూద్దాం."

"తొందరేం లేదులే" అని ఆవిడ సంచిలోంచి దారం ఉండలు తీసింది.